24 వారాల గీత: చట్టానిదొక లెక్క, వైద్యానిదొక లెక్క

ఖరగ్‌పూర్: ఏడవ మాసంలో పుట్టిన బిడ్డ బతుకుతుందని, ఎనిమిదవ మాసంలో పుట్టినది దక్కదని తెలుగు ఇళ్లలో పెద్దలు అనడం కద్దు. రైల్వే కొలువుల కోసం వచ్చి ఈ పట్టణంలో తరతరాలుగా స్థిరపడిన తెలుగు కుటుంబాలకూ ఈ మాట కొత్త కాదు. అయితే వైద్యశాస్త్రం దీనిని అంగీకరించదు. తల్లి గర్భంలో గడిపే ఒక్కొక్క వారమూ శిశువుకు బలం చేకూరుస్తుంది.

37 వారాలు నిండకముందే జరిగే ప్రసవాన్ని అకాల ప్రసవంగా ప్రపంచ ఆరోగ్య సంస్థ పరిగణిస్తున్నది. పిండం ఊపిరితిత్తులు ముడుచుకుపోకుండా కాపాడే పదార్థం సుమారు 24 వారాలకు తయారవడం మొదలై, 34, 35 వారాలకు గాని చాలినంతగా సమకూరదు.

మన గర్భస్రావ చట్టం కూడా 24 వారాల వద్దనే గీత గీయడం గమనార్హం. 1971 నాటి చట్టంలో ఈ గడువు 20 వారాలు. 2021 సవరణ ద్వారా అత్యాచార బాధితులు, మైనర్లు తదితర వర్గాల మహిళలకు దానిని 24 వారాలకు పెంచారు. ఆపైన పిండానికి తీవ్ర లోపం ఉన్నట్లు వైద్య మండలి నిర్ధారించాలి, లేదా తల్లి ప్రాణానికి ముప్పు ఉండాలి.

పశ్చిమ బెంగాల్ ఈ వివాదానికి దూరంగా లేదు. పిండానికి గుండె లోపం ఉన్నందున కోల్‌కతా మహిళ ఒకరికి 26వ వారంలో గర్భస్రావానికి సుప్రీంకోర్టు 2017 జులైలో అనుమతించింది. 2022 ఫిబ్రవరిలో కలకత్తా హైకోర్టు, వెన్నెముక లోపం కారణంగా దాదాపు 35వ వారంలోనూ అనుమతి మంజూరు చేసింది. కాగా, 2023 అక్టోబరులో ఇద్దరు బిడ్డల తల్లి ఒకరి విషయంలో సుప్రీంకోర్టు 26 వారాలు దాటాక అనుమతి నిరాకరించింది. శిశువు బతికే అవకాశం ఉందని వైద్యులు తెలపడం, పిండంలో లోపం లేకపోవడం, తల్లి ప్రాణానికి తక్షణ ముప్పు కనిపించకపోవడం ఇందుకు కారణాలు.

ఇంతకూ బతికే అవకాశం అనేది పుట్టిన చోటును బట్టి మారుతున్నది. 28 వారాలలోపు పుట్టిన శిశువులలో పేద దేశాలలో 90 శాతానికి పైగా కొద్ది రోజులలోనే మరణిస్తుండగా, సంపన్న దేశాలలో ఆ సంఖ్య 10 శాతం లోపేనని ప్రపంచ ఆరోగ్య సంస్థ పేర్కొన్నది. 2020లో భారతదేశంలో సుమారు 30 లక్షల మంది నెలలు నిండకముందే జన్మించారు. ప్రపంచంలో ఇదే అత్యధికం.

పిండం అవయవాలలోని లోపాలను వెదికే స్కానింగ్‌ను సాధారణంగా 18 నుంచి 22 వారాల మధ్య జరుపుతారు. అంటే లోపం బయటపడేసరికి గడువులో మిగిలేది కొద్ది వారాలే. గడువు దాటితే ఖరగ్‌పూర్ దంపతులు ఆశ్రయించవలసిన హైకోర్టు సుమారు 115 కిలోమీటర్ల దూరంలోని కోల్‌కతాలో ఉంది. నిర్ణయం తల్లిదే అనే వారికీ, పిండానికీ హక్కు ఉన్నదనే వారికీ మధ్య వాదం ఇప్పట్లో తెమిలేది కాదు. కానీ సకాలంలో స్కానింగ్, నెలలు నిండని శిశువుకు తగిన చికిత్స చిన్న పట్టణాలకు సైతం అందాలన్న విషయంలో ఉభయ పక్షాలకూ పేచీ ఉండనక్కరలేదు.