పాత ల్యాప్‌టాప్‌ని పారేసే ముందు ఓ పెన్‌డ్రైవ్ తీసుకోండి

అన్నయ్య ఇంజినీరింగ్‌లో ఉన్నప్పుడు కొన్న ల్యాప్‌టాప్ ఇంట్లో ఇంకా ఉందా? అయితే ఇది మీ కోసమే. విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ మామూలు సపోర్ట్ 2025 అక్టోబర్ 14తో ఆగిపోయింది. విండోస్ 11కేమో టీపీఎం 2.0 ఉండాలి, ఇంటెల్ ప్రాసెసర్ అయితే దాదాపు 8వ తరం నుంచే ఒప్పుకుంటుంది. అంతకు ముందువి శుభ్రంగా పనిచేస్తున్నా కంపెనీ లెక్కలో పాత సామానే. అమ్మబోతే అడవి, కొనబోతే కొరివి!

ఇక్కడే లినక్స్ పనికొస్తుంది. కానీ ‘ఏ లినక్స్ బెస్ట్’ అని వెతికారో, అంతే సంగతులు, వాదనలు తెగవు. నిజానికి రోజూ మీరు చూసేది, క్లిక్ చేసేది దాని పైనుండే డెస్క్‌టాప్ ఎన్విరాన్‌మెంట్‌ని. ఆండ్రాయిడ్ ఒకటే అయినా శాంసంగ్‌లో ఒకలా, షావోమీలో ఇంకోలా కనపడదూ? అలాగన్నమాట. కాకపోతే ఇక్కడ నచ్చకపోతే ఆ పైపొర ఒక్కటీ మార్చుకోవచ్చు.

ఈ పొరలు ఇన్నెందుకంటే, జనం అలిగినప్పుడల్లా ఒకటి పుట్టింది. 2011లో గ్నోమ్ 3 వచ్చి పాత మెనూ, టాస్క్‌బార్ పద్ధతినంతా మార్చేసింది. చాలామందికి ఒళ్లు మండింది. అర్జెంటీనా యూజర్ ఒకరు పాత గ్నోమ్ 2 కోడ్‌నే తీసుకుని ‘మాటే’ మొదలుపెట్టారు. అది అక్కడివాళ్లు తాగే ఓ టీ పేరు, స్పెల్లింగ్ చూసి ‘మేట్’ అనకండి. లినక్స్ మింట్ వాళ్లేమో ‘సినమన్’ తయారుచేసుకున్నారు. కోడ్ అందరిదీ కాబట్టే ఇది కుదిరింది. విండోస్‌లో స్టార్ట్ మెనూ నచ్చకపోతే తిట్టుకోవడం తప్ప ఏం చేస్తాం?

సరే, మీకేది? 4 జీబీ ర్యామ్ అయితే మరో ఆలోచన లేకుండా ఎక్స్‌ఎఫ్‌సీఈ. చూడ్డానికి సాదాసీదాగా ఉంటుంది, బరువు తక్కువ. 8 జీబీ ఉంటే సినమన్. విండోస్ అలవాటున్న చేతికి పెద్దగా తేడా తెలియదు. ఈ రెండూ లినక్స్ మింట్‌లో దొరుకుతాయి. రంగులూ, హంగులూ మన ఇష్టప్రకారం మార్చుకోవాలంటే కేడీఈ ప్లాస్మా, దానికి కుబుంటు చూడండి. అయితే ఏ డెస్క్‌టాప్ వేసినా బ్రౌజర్‌లో ఇరవై ట్యాబ్‌లు తెరిస్తే 4 జీబీ మెషీన్ మొరాయిస్తుంది. ఇంకా పాత హార్డ్ డిస్కే ఉంటే ముందు ఎస్‌ఎస్‌డీ వేయించండి. అసలు స్పీడ్ దాంట్లోనే ఉంది.

నా మాట నమ్మక్కర్లేదు, మీరే చూడండి. 8 జీబీ పెన్‌డ్రైవ్‌లోకి మింట్ ఐఎస్ఓని రూఫస్‌తో రాసి, దాంతో బూట్ చేయండి. పెన్‌డ్రైవ్‌లో ఉన్నవి చెరిగిపోతాయి గానీ, మీరు ఇన్‌స్టాల్ మొదలుపెట్టనంతవరకూ ల్యాప్‌టాప్‌లో విండోస్ అలాగే ఉంటుంది. వైఫై కలుస్తోందా, సౌండ్ వస్తోందా, కెమెరా పనిచేస్తోందా, మూత మూసి తెరిస్తే లేస్తోందా? ఈ నాలుగూ ముఖ్యం. పెన్‌డ్రైవ్ మీద కాస్త నెమ్మదిగానే నడుస్తుంది, అది చూసి తీర్పివ్వకండి. ఇన్‌స్టాల్ చేసేముందు మాత్రం ఫొటోలూ సర్టిఫికెట్లూ వేరే చోట కాపీ పెట్టుకోవాల్సిందే.

రోజువారీ పనులకు లిబ్రేఆఫీస్, వీఎల్‌సీ, గింప్ చాలు. రెజ్యూమె లిబ్రేఆఫీస్‌లో చేస్తే పీడీఎఫ్‌గానే పంపండి, వర్డ్‌లో తెరిస్తే వరసలు జరగొచ్చు. తెలుగు టైపింగ్‌కి ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డు సెట్టింగ్స్‌లో కలుపుకోవచ్చు. పోస్టర్లు చేసేవాళ్లకి రామభద్ర, మల్లన్న లాంటి యూనికోడ్ ఫాంట్లు ఉచితం. ఫోన్‌కీ ల్యాప్‌టాప్‌కీ మధ్య ఫైళ్లు పంపడానికి కేబుల్ వెతుక్కోకుండా కేడీఈ కనెక్ట్ వాడి చూడండి. ఫోన్‌నే టచ్‌ప్యాడ్‌లా వాడుకోవచ్చు కూడా.

ఎవరికి పనికిరాదంటే, వాలరెంట్ ఆడేవాళ్లకి. దాని యాంటీ చీట్ లినక్స్‌లో నడవదు. ఫొటోషాప్ మీదే బతుకుదెరువు ఉన్నా, పెళ్లి కార్డులకి అను ఫాంట్లతో డీటీపీ చేస్తున్నా విండోస్ తీసేయకండి.