బైరన్ కొండమీది దీపం

 మా స్ప్రింగ్‌ఫీల్డ్ లేక్స్ నుంచి కారులో దక్షిణంగా సుమారు రెండు గంటలు వెళితే న్యూ సౌత్ వేల్స్‌లోని బైరన్ బే వస్తుంది. ఆస్ట్రేలియా ప్రధాన భూభాగానికి తూర్పు కొస అక్కడే. ఆ కొసన 1901 నుంచి వెలుగుతున్న లైట్‌హౌస్ గురించి ఈ రోజు చెప్పుకుందాం. విశాఖలో డాల్ఫిన్స్ నోస్ చూసినవాళ్ళకి ఈ దృశ్యం కొత్తేమీ కాదు. సముద్రంలోకి చొచ్చుకుపోయిన కొండ, దానిమీద దీపం.

1770లో కెప్టెన్ కుక్ ఈ కొండకి జాన్ బైరన్ అనే నావికుడి పేరు పెట్టాడు. కవి బైరన్ ఆయన మనవడే.

నిజానికి స్తంభం పొట్టిదే. కొండ ఎత్తుతో కలిపి దీపం సముద్రమట్టానికి 118 మీటర్ల పైన ఉంటుంది. భూమి గుండ్రంగా ఉంది కాబట్టి దీపం ఎంత ఎత్తులో ఉంటే అంత దూరం కనిపిస్తుంది. మరి అంత దూరం పోయే వెలుగు ఎక్కడిది? మొదట్లో అది కిరోసిన్ దీపమే. తర్వాత కరెంటు వచ్చింది. అసలు గొప్పతనం అద్దానిది. ఫ్రెంచి శాస్త్రవేత్త ఫ్రెనెల్ 1820లలో కనిపెట్టిన పద్ధతి ఇది. నలుదిక్కులా చెదిరిపోయే కాంతిని వందలాది గాజు పట్టకాలు ఒడిసిపట్టి, సన్నని ధారగా సముద్రం మీదికి పంపుతాయి. ఎనిమిది టన్నుల ఆ కటకం పాదరసం మీద తేలుతుంది కాబట్టి తేలిగ్గా తిరుగుతుంది.

"ఓడల్లో జీపీఎస్ ఉందిగా, ఇంకా ఇదెందుకు నాన్నా?" అని మా అబ్బాయి అడిగాడు. మంచి ప్రశ్నే. ఉపగ్రహాల నుంచి వచ్చే సంకేతం చాలా బలహీనమైనది. దాన్ని అడ్డుకోవచ్చు, తప్పుదారి పట్టించవచ్చు కూడా. ఈ దీపం 15 సెకన్లకోసారి మెరుస్తుంది. ప్రతి లైట్‌హౌస్‌కీ తనదైన లెక్క ఉంటుంది. నావికుడు ఆ లెక్క చూసి, ఇది ఫలానా కొండ అని పోల్చుకుంటాడు. మా ఐటీ వాళ్ళం ఒకే సర్వరుని నమ్ముకుని కూర్చోం. సముద్రం మీదా అంతే.

చివరి కాపలాదారు 1989లో వెళ్ళిపోయాడు. దీపం మాత్రం ఆరలేదు.

వెళ్ళేవాళ్ళకి ఒక్క మాట. వేసవిలో అక్కడి గడియారం క్వీన్స్‌లాండ్ కంటే గంట ముందుంటుంది. జూన్ తర్వాత వెళితే తిమింగలాలు కూడా కనిపించవచ్చు. చీకటి పడ్డాక ఊళ్ళో బీచి మీద నిలబడి, మెరుపుకీ మెరుపుకీ మధ్య పిల్లల చేత తెలుగులో అంకెలు లెక్కపెట్టించండి. పదిహేను దగ్గర దీపమే జవాబిస్తుంది.