మోటారు సైకిలు విండ్‌స్క్రీన్

మోటారు సైకిలు నడిపేవారికి ఎదురుగాలి నేరుగా తగలకుండా హ్యాండిల్ ముందు అమర్చే పారదర్శకమైన పలకను విండ్‌స్క్రీన్ లేదా విండ్‌షీల్డ్ అంటారు. దీనిని సాధారణంగా పాలీకార్బొనేట్ లేదా ఆక్రిలిక్ ప్లాస్టిక్‌తో తయారుచేస్తారు. దూరప్రయాణాలలో అలసటను తగ్గించడం దీని ముఖ్య ప్రయోజనం.

పనిచేసే విధానం

ఎదురుగాలి ఒత్తిడి వేగపు వర్గానికి అనులోమానుపాతంలో ఉంటుంది. అనగా వేగం రెట్టింపైతే ఛాతీపై ఒత్తిడి నాలుగు రెట్లవుతుంది. విండ్‌స్క్రీన్ ఈ గాలిని పైకి, పక్కలకు మళ్ళిస్తుంది.

ఎత్తు

పలక అంచును దాటిన గాలి సుడులు తిరుగుతుంది. ఆ సుడులు హెల్మెట్‌కు తగిలితే తల అదురుతుంది, హోరు పెరుగుతుంది. కనుక పలక ఎంత పొడవైతే అంత మేలని చెప్పలేము. సాధారణంగా పై అంచు మీదుగా రోడ్డు కనబడేటట్లు ఎత్తును ఎంచుకోవాలి. పలక గుండా చూడవలసి వస్తే వాననీరు, మంచు బిందువులు చూపును మరుగుపరుస్తాయి.

నర్సీపట్నం - లంబసింగి మార్గం

అనకాపల్లి జిల్లాలోని నర్సీపట్నం నుండి చింతపల్లి వెళ్ళే ఘాట్ రోడ్డుపై, సముద్రమట్టానికి సుమారు 1,000 మీటర్ల ఎత్తున లంబసింగి ఉంది. శీతాకాలంలో పొగమంచు చూడడానికి పలువురు తెల్లవారుజామున మోటారు సైకిళ్ళపై ఇక్కడికి వస్తారు. 5 డిగ్రీల సెల్సియస్ వద్ద గంటకు 40 కిలోమీటర్ల గాలి తగిలితే శరీరానికి సుమారు -1 డిగ్రీ చలిగా అనిపిస్తుంది. వేళ్ళు మొద్దుబారితే బ్రేకు, క్లచ్‌లపై పట్టు తగ్గి ప్రమాదానికి దారితీయవచ్చు. విండ్‌స్క్రీన్ ప్రధానంగా ఛాతీని కాపాడుతుంది. చేతులకు తొడుగులు తప్పనిసరి.

పరిమితులు

వేసవిలో గాలి తగలక ఉక్కపోస్తుంది. బలమైన పక్కగాలికి పెద్ద పలక బండిని పక్కకు లాగుతుంది. పెట్రోలుతో తుడిస్తే ప్లాస్టిక్ పగుళ్ళు బారుతుంది. కాబట్టి నీటితో, మెత్తని గుడ్డతో మాత్రమే శుభ్రపరచాలి.