సాగే తాడు

కొండ ఎక్కేవాళ్ల తాడుకు ఉండాల్సిన మొదటి గుణం గట్టిదనమే అనుకుంటాం. ఆ లెక్కన ఉక్కు తీగను మించిన తాడు ఉండకూడదు. కానీ ఉక్కు తీగ కట్టుకుని నిట్టనిలువు రాతి గోడ మీంచి జారితే తీగ తెగదు, మనిషి నడుమే విరుగుతుంది. 4 మీటర్లు పడిన మనిషి ఆపైన 10 సెంటీమీటర్లలోనే ఆగిపోతే, ఆపే బలం సగటున అతని బరువుకు 41 రెట్లు ఉంటుంది. ఒక మీటరు మేర ఆగితే 5 రెట్లే. పడే మనిషి శక్తిని నిదానంగా తనలోకి తీసుకోవడమే తాడు అసలు పని. రాతికి బోల్టులు దిగ్గొట్టి, ఒక కష్టమైన దారిని పదే పదే పడుతూ సాధించే స్పోర్ట్ క్లైంబింగ్‌కు ప్రాణం పోసింది ఈ సాగే గుణమేనని నా వాదన.

నైలాన్ తాళ్లు రాకముందు నార తాళ్లే దిక్కు. 1865లో మాటర్‌హార్న్ శిఖరం నుంచి దిగుతుండగా ఎడ్వర్డ్ వింపర్ బృందంలో తాడు తెగి నలుగురు లోయలో పడి చనిపోయారు. ఆ తెగిన తాడు జెర్మాట్ మ్యూజియంలో ఇప్పటికీ ఉంది. ముందు ఎక్కేవాడు ఎట్టి పరిస్థితుల్లోనూ పడకూడదన్న నియమం ఇలాంటి తాళ్ల నీడలోనే బలపడింది. కాలిఫోర్నియాలోని సియెర్రా క్లబ్ ఆరోహకులు మరో దారి వెతికారు. ఎవరైనా పడినప్పుడు తాడు పట్టినవాడు దాన్ని ఒక్కసారిగా బిగించకుండా తన ఒంటి చుట్టూ కొంత జారనిచ్చేవాడు. కుదుపు తగ్గేది, కానీ ఆ రాపిడంతా పట్టినవాడి చేతులూ నడుమూ భరించాలి. 1935లో డ్యూపాంట్ ప్రయోగశాలలో వాలస్ కారోథర్స్ బృందం తయారుచేసిన నైలాన్ ఆ పనిలో చాలా భాగాన్ని పోగుల్లోకే తెచ్చింది. 1953లో జర్మనీలో ఎడెల్‌రిడ్ సంస్థ కెర్న్‌మాంటెల్ తాడు తెచ్చింది. అలాంటి తాడును అడ్డంగా కోసి చూస్తే లోపల మెలితిప్పిన తెల్లటి పోగులు, వాటి చుట్టూ బిగువుగా అల్లిన రంగుల తొడుగు కనిపిస్తాయి. బరువు మోసేది, సాగేది ప్రధానంగా ఆ తెల్ల పోగులే. తొడుగు వాటిని రాతి ఒరిపిడి నుంచి కాస్తుంది.

అసలు ఘనత బోల్టులదే కదా అని ఎవరైనా అడగవచ్చు. బోల్టులు లేకుండా ఈ ఆట లేదు, నిజమే. కానీ 1939లోనే న్యూమెక్సికోలోని షిప్‌రాక్ మీద బోల్టులు వాడారు. అయినా పడుతూ నేర్చుకోవడం అలవాటుగా మారడానికి దశాబ్దాలు పట్టింది. బోల్టు తాడును పట్టి ఉంచుతుంది, కుదుపును మింగదు. ఎంత ఎక్కువ దూరం పడితే అంత ప్రమాదం, అందులో తాడు ఏం చేస్తుందన్నది ఇంకో అభ్యంతరం. 1950లో ఆర్నాల్డ్ వెక్స్‌లర్ అమెరికన్ ఆల్పైన్ జర్నల్‌లో వివరించిన లెక్క దీనికి జవాబు చెబుతుంది. పడిన దూరాన్ని మధ్యలో ఉన్న తాడు పొడవుతో భాగిస్తే వచ్చే నిష్పత్తి మీదే కుదుపు ఆధారపడుతుంది. 20 మీటర్ల తాడు మీద 4 మీటర్లు పడటం కంటే, 2 మీటర్ల తాడు మీద అదే 4 మీటర్లు పడటం ఎంతో దారుణం. అందుకే అంతర్జాతీయ ప్రమాణ పరీక్షలో ఈ నిష్పత్తిని దాదాపు 1.77గా పెట్టి 80 కిలోల దిమ్మెను పడేస్తారు. ఒంటిగా వాడే తాడు (సింగిల్ రోప్) అలాంటి 5 పతనాలకైనా తెగకూడదు, మొదటిసారి కుదుపు 12 కిలోన్యూటన్లు దాటకూడదు.

సాగడమే కొన్నిచోట్ల ముప్పు, దాన్ని దాచనక్కరలేదు. నేలకు దగ్గరగా జారినవాడిని అదే సాగుడు నేలకు కొట్టించగలదు. పదునైన రాతి అంచు మీద ఒరుసుకుంటే ఎంత సాగే తాడైనా తెగవచ్చు. మనిషి గాలిలోకే పడే, బయటికి వాలిన గోడల మీద ఈ రెండు భయాలూ తగ్గుతాయి. 2017లో ఆరోహకుడు ఆడమ్ ఓండ్రా నార్వేలోని ఫ్లాటాంగర్ గుహలో, కొన్నేళ్లపాటు మళ్లీ మళ్లీ ప్రయత్నించి, "సైలెన్స్" దారిని అలాంటి చోటే పూర్తిచేశాడు. అయితే గట్టి కుదుపు తిన్న నైలాన్ వెంటనే పాత స్థితికి రాదు, ప్రతి పతనానికీ కొంత సాగే గుణాన్ని పోగొట్టుకుంటుంది. అందుకే ఒకే చోట పదే పదే పడేవాళ్లు తాడు కొనలు మార్చి కట్టుకుంటారు, వాడిన కొనకు కాసేపు విశ్రాంతినిస్తారు.