అద్దం మీద గీసిన ఆట

2007 జూన్‌లో జపాన్‌లో విడుదలైన ఒక ఆటలో కథానాయకుణ్ణి నడిపించడానికి బటన్లతో పనే లేదు. తెర మీద పుల్ల (స్టైలస్) ఎక్కడ ఆనిస్తే లింక్ అటు నడుస్తాడు. కాస్త దూరంగా ఆనిస్తే పరుగెత్తుతాడు. శత్రువు మీద పుల్లతో తాకితే కత్తి దూసి దూకుతాడు, లింక్ చుట్టూ సున్నా చుడితే గిర్రున తిరిగి నరుకుతాడు. బూమరాంగ్ విసరాలంటే అది పోవాల్సిన దారిని మనమే గీయాలి: స్తంభం పక్కగా, గోడ వెనక్కి, ఆ మూలనున్న మీటను తగిలి మళ్లీ చేతిలోకి. సముద్రం మీద ఓడ కూడా అంతే, మనం గీసిన గీత వెంటే సాగుతుంది. ఆట పేరు ‘ది లెజెండ్ ఆఫ్ జేల్డా: ఫాంటమ్ అవర్‌గ్లాస్’. అది నడిచిన యంత్రం నింటెండో డీఎస్.

ఆ ఆట ఆడినవాళ్ల దగ్గర తరచుగా రెండు మాటలు వినబడతాయి. పుల్లతో ఆడటం మొదట వింతగా ఉన్నా కాసేపట్లోనే చేతికి అలవాటైపోతుందనేది ఒకటి. ఆట తొందరగా అయిపోయిందనేది రెండోది. టీవీ ముందు కూర్చుని ఆడే జేల్డా, 2006 నాటి ‘ట్విలైట్ ప్రిన్సెస్’, 40 గంటల దాకా సాగుతుంది. ఇది 15, 20 గంటల్లో ముగుస్తుంది. నాకు మాత్రం ఈ రెండూ ఒకే సంగతిగా కనబడతాయి. చేతిలో పట్టుకునే యంత్రం మీద ఆట ఎంత పొడుగుండాలన్నది, ఆ యంత్రాన్ని ఏ వేలు తాకుతుంది, చెయ్యి ఎంతసేపు మోయగలదు, ఆడేవాడికి ఎంత తీరిక దొరుకుతుంది అన్నవాటిని బట్టే తేలింది. టచ్ స్క్రీన్ పుట్టి పెరిగిన తీరు చూస్తే ఇది బాగా తెలుస్తుంది.

వేలితో తాకితే స్పందించే తెర ఆటల కోసం పుట్టలేదు. 1965లో ఇంగ్లండ్‌లోని మాల్వెర్న్‌లో, రాయల్ రాడార్ ఎస్టాబ్లిష్‌మెంట్‌లో పనిచేసే ఇ.ఎ. జాన్సన్ దాని గురించి మొదట రాశాడు. విమానాల రాకపోకలు చూసే ఉద్యోగి మీటల కోసం వెతుక్కోకుండా తెరనే తాకాలన్నది ఆయన ఉద్దేశం. అమెరికాలో శామ్ హర్స్ట్ 1971లో ఎలోగ్రాఫిక్స్ అనే సంస్థ పెట్టి, ఆ తర్వాతి ఏళ్లలో నొక్కితే పనిచేసే మరో రకం తెరకు రూపమిచ్చాడు. డీఎస్‌లో ఉన్నది ఈ రెండో వంశం తెర.

చేతి ఆటల వంశం వేరు. నింటెండోలో గుంపెయ్ యొకొయ్ 1980లో ‘గేమ్ అండ్ వాచ్’ తెచ్చాడు. 1982లో మడతపెట్టే రెండు తెరల ‘డాంకీ కాంగ్’లో ఎడమ బొటనవేలి కింద కూడిక గుర్తు ఆకారపు మీట పెట్టాడు. ఆ మీటే 1989 నాటి గేమ్‌బాయ్‌లోకి వచ్చింది. ఖరీదైన కొత్త సాంకేతికత వెంట పరుగెత్తకుండా, బాగా నలిగి చవకైన దాన్ని కొత్త పనికి వాడటం యొకొయ్ పద్ధతి. గేమ్‌బాయ్ తెరకు రంగుల్లేవు, లోపల దీపమూ లేదు. కానీ నాలుగు పెన్సిల్ బ్యాటరీలు వేస్తే పది గంటలకు పైగా నడిచేది. దానితోపాటు అమ్మిన ‘టెట్రిస్’ ప్రధాన ఆటకు ముగింపే లేదు, ఆడేవాడు ఓడిపోయినప్పుడే ఆట అయిపోతుంది.

బొమ్మల సంస్థ టైగర్ ఎలక్ట్రానిక్స్ 1997లో ‘గేమ్.కామ్’ అనే యంత్రానికి టచ్ స్క్రీన్ పెట్టింది. చేతి ఆటల యంత్రాల్లో అదే మొదటిది. మసక తెర, నాసిరకం ఆటలు, అందుకే ఎవరికీ గుర్తు లేకుండా పోయింది. యొకొయ్ కూడా అదే ఏడాది రోడ్డు ప్రమాదంలో చనిపోయాడు.

డీఎస్ 2004 నవంబరు 21న అమెరికాలో, డిసెంబరు 2న జపాన్‌లో అమ్మకానికొచ్చింది. రెండు తెరలు, తాకేది కింది తెర ఒక్కటే. ఆ తెరలో రెండు పొరలుంటాయి. అడుగున గాజు, పైన వంగే పలుచని ప్లాస్టిక్. రెండింటికీ లోపలివైపున ఇండియం టిన్ ఆక్సైడ్ పూత ఉంటుంది. కంటికి కనబడదు గానీ కరెంటును పోనిస్తుంది. పొరలు ఒకదానికొకటి అంటుకోకుండా మధ్యలో సన్నటి చుక్కలు అడ్డుంటాయి. పుల్లతో నొక్కినచోట పై పొర వంగి కింది పొరను తాకుతుంది. ఒక పొరకు ఈ అంచు నుంచి ఆ అంచుకు వోల్టేజీ పెడతారు. కాలువలో నీళ్లు తల నుంచి చివరికి వాలుగా దిగినట్టు ఆ వోల్టేజీ క్రమంగా తగ్గుతూ పోతుంది. తాకినచోట ఎంత ఉందో రెండో పొర చదివి చెబుతుంది. 3 వోల్టులు పెట్టినప్పుడు ఒకటిన్నర కనబడితే పుల్ల సరిగ్గా నడిమధ్యన ఉన్నట్టు. మరుక్షణం పొరలు పని మార్చుకుంటాయి, అడ్డం కొలిచినట్టే నిలువూ కొలుస్తాయి. పుల్లైనా, గోరైనా, పెన్ను మూతైనా దీనికి తేడా లేదు, నొక్కుడు ఉంటే చాలు. రెండుచోట్ల ఒకేసారి నొక్కితే మాత్రం రెండూ కనబడవు, వాటి నడుమ ఎక్కడో ఒకే ఒక చుక్క కనబడుతుంది.

మూడంగుళాల ఆ తెర వెడల్పు సుమారు 61 మిల్లీమీటర్లు, అందులో 256 చుక్కల వరస. అంటే మిల్లీమీటరుకు నాలుగు చుక్కలు. పుల్ల మొన కప్పేది ఆ నాలుగైదే. బొటనవేలు ఆనిస్తే సెంటీమీటరు మేర కప్పేస్తుంది, నలభై చుక్కలు మాయమవుతాయి. ఒకటే మొన, కానీ సూదిలాంటి మొన. డీఎస్ ఆటల మంచిచెడ్డలు చాలావరకు ఇక్కడి నుంచే వచ్చాయి.

చెడ్డ ముందు చెబుతాను. యంత్రంతోపాటే వచ్చిన ‘సూపర్ మారియో 64 డీఎస్’ 1996 నాటి టీవీ ఆటకు కొత్త రూపం. పాతదానిలో 120 నక్షత్రాలు సంపాదించాలి, దీనిలో 150. ఆట పొడుగు పెంచారు గానీ మారియోను నడిపే పిడి ఈ యంత్రంలో లేదు. మణికట్టు తాడుకు చిన్న ప్లాస్టిక్ బొడిపె కుట్టి, దాన్ని బొటనవేలికి తొడిగి తెర మీద రుద్దమన్నారు. లేని పిడిని ఉన్నట్టు ఊహించుకుని రుద్దుతుంటే గురి తప్పుతుంది. 2006లో వచ్చిన ‘మెట్రాయిడ్ ప్రైమ్ హంటర్స్’లో పుల్లతో గురిచూడటం అద్భుతంగా కుదిరింది. కానీ యంత్రం బరువంతా ఎడమ చేతి మీద, ఆ చేతి చూపుడువేలితోనే తుపాకీ పేల్చాలి. కాసేపటికే మణికట్టు లాగేస్తుంది. పొడుగాటి ఆటకు ఆ భంగిమ సరిపడదు.

2002లో నింటెండోకు అధ్యక్షుడైన సతోరు ఇవాతా ఈ చిక్కును అవతలి వైపు నుంచి చూశాడు. ఆటలు పెద్దవై, చిక్కుబడి, తీరిక లేనివాళ్లను తరిమేస్తున్నాయని ఆయన బాధ. తొహొకు విశ్వవిద్యాలయంలో మెదడు గురించి పరిశోధించే ర్యూతా కవషిమాను డీఎస్ జపాన్‌లో విడుదలైన రోజునే కలుసుకున్నాడు. తొమ్మిదిమంది బృందం మూడు నెలల్లో తయారుచేసిన ‘బ్రెయిన్ ట్రైనింగ్’ 2005 మే నెలలో వచ్చింది. యంత్రాన్ని పుస్తకంలా నిలువుగా పట్టుకోవాలి. లెక్క కనబడుతుంది, జవాబును అంకెగా తెర మీద రాయాలి. రోజుకు కొద్ది నిమిషాలు చాలు, ఆడిన రోజుకు ఒక ముద్ర పడుతుంది. దానితో మెదడు నిజంగా పదునెక్కుతుందా అన్నదాని మీద శాస్త్రవేత్తల్లో వాదాలున్నాయి. ఆట పద్ధతిగా చూస్తే మాత్రం అది గొప్ప మలుపని నా నమ్మకం. ఏనాడూ వీడియో గేమ్ ముట్టని పెద్దవాళ్లు కోటికి పైగా కొన్నవాళ్లలో చేరారు. అంకె రాయడం చేతికి ఎప్పుడో వచ్చిన విద్య, కొత్తగా నేర్చుకోవాల్సింది ఏమీ లేదు.

ఇంకో చిన్న వసతి గురించి జనం తక్కువ మాట్లాడతారు. డీఎస్ మూత మూస్తే ఆట ఉన్నచోటే నిద్రపోతుంది, తెరిస్తే అక్కడి నుంచే లేస్తుంది. 20 గంటల ఆటను 10 నిమిషాల ముక్కలుగా ఆడుకోవచ్చు. ఆట పొడుగు వేరు, ఒక్కసారి కూర్చున్న పొడుగు వేరు అని ఒక మడతబందు తేల్చేసింది. ఫాంటమ్ అవర్‌గ్లాస్ ఆ మూతను కూడా ఆటలో వాడుకుంది. పై తెరలోని గుర్తును కింది తెరలోని సముద్ర పటం మీద ముద్ర వేయమంటుంది ఒకచోట. ఏ బటన్ నొక్కినా, ఎక్కడ తాకినా జరగదు. యంత్రాన్ని మూసి తెరవాలి, రెండు తెరలూ ఎదురెదురుగా ఒత్తుకుని ముద్ర పడుతుంది. ఆటల చరిత్రలో అంత తెలివైన చిక్కుముడులు చాలా తక్కువ.

ఆ ఆటలో పెద్ద లోపం కూడా పొడుగుకు సంబంధించిందే. సముద్రరాజు గుడిలోకి కథలో మళ్లీమళ్లీ వెళ్లాలి. లోపల సురక్షితమైన చోట్ల తప్ప మిగతా అంతటా ఇసుక గడియారంలో ఇసుక జారుతుంటుంది, అయిపోతే ప్రాణం తగ్గిపోతూ ఉంటుంది. సగంలో ఒక అడ్డదారి దొరికినా, దాటిన అంతస్తులనే మళ్లీ దాటాల్సి వస్తుంది. పటం మీద మనం పుల్లతో రాసుకున్న గుర్తులు చెరిగిపోవు కనుక రెండోసారి త్వరగా పోతామన్నది తయారీదారుల ఆలోచన కావచ్చు. ఆలోచన మంచిదే. కానీ ఆ గుడి లేకపోతే ఆట ఇంకా చిన్నదయ్యేదన్న అనుమానం నాకు పోలేదు. కొత్త గదులు కట్టలేక పాత గదుల్లోనే తిప్పితే పొడుగు పెరుగుతుంది, ఆట పెరగదు.

అదే 2007లో ఐఫోన్ వచ్చింది, 2008 జులైలో యాప్ స్టోర్ తెరిచారు. ఇది జాన్సన్ వంశపు తెర. గాజు మీద పరుచుకున్న విద్యుత్ క్షేత్రాన్ని వేలు కదిలిస్తుంది, నొక్కే పని లేదు, ఒకేసారి ఒకటికి మించి వేళ్లు కనబడతాయి. మనిషి వేలికి కరెంటును పోనిచ్చే గుణం ఉండటం దీనికి ఆధారం, అందుకే గోరుకు పలకదు, చెమట చుక్క పడితే తడబడుతుంది. మా తమిళనాడు వైపు మొదట వచ్చినవి ఇంకా పాత నొక్కుడు తెరలే. నోకియా 5800తో వీణ మీటే మీటులాంటి ముక్క ఒకటి ఇచ్చేవారు. ఇక్కడే, శ్రీపెరుంబుదూరులో, 2006 నుంచి 2014 దాకా నోకియా ఫోన్ల కర్మాగారం నడిచింది. డీఎస్ పేరు వినని ఊళ్లలో కూడా ఆ ఫోన్లు ఉండేవి.

సూది మొన పోయి మొద్దు వేలు వచ్చేసరికి ఆటలు మారిపోయాయి. వేలు తాకిన చోటునే కప్పేస్తుంది, మీట ఎక్కడుందో తడిమి తెలుసుకునే వీలు లేదు. కాబట్టి ఒక్క కదలికతో అయిపోయే ఆటలు పుట్టుకొచ్చాయి. 2009 డిసెంబరులో ‘యాంగ్రీ బర్డ్స్’ వచ్చింది, వడిసెల లాగి వదలడమే ఆట. ‘ఫ్లాపీ బర్డ్’కు ఒక్క తట్టు చాలు. ఒక్క ఆట నిమిషంలో అయిపోతుంది, మొత్తం ఆటకు మాత్రం అంతే లేదు. ‘క్యాండీ క్రష్’లో ఐదు ప్రాణాలు పోతే ఒక్కో ప్రాణానికి 30 నిమిషాలు ఆగాలి, లేదా డబ్బు కట్టాలి. ఆట ఎంతసేపు సాగాలన్న నిర్ణయం చేతి నుంచి, కథ నుంచి జారిపోయి లెక్కల పుస్తకంలోకి వెళ్లింది. ఇది నాకు నచ్చని మలుపు, దాచుకోను.

ఫోన్ ఆటలన్నీ అలాంటివే కావు. మా ఊరు సేత్తూరు తమిళనాడులో రాజపాళయం పక్కన, పడమటి కనుమల పాదాన ఉంటుంది. నూలు మిల్లుల ప్రాంతం, ఎనిమిది గంటల షిఫ్టుల బతుకు. మిల్లు బస్సులో కూర్చున్న కుర్రాళ్లు ఫోన్‌ను అడ్డంగా తిప్పి రెండు బొటనవేళ్లతో క్రికెట్ ఆడుతుంటారు. చెన్నైలోని నెక్స్ట్‌వేవ్ మల్టీమీడియా తయారుచేసిన ‘వరల్డ్ క్రికెట్ ఛాంపియన్‌షిప్’ ఆటల వరస మన దగ్గర బాగా నిలదొక్కుకుంది. అందులో నాకు ముచ్చటగా తోచేది ఓవర్ల సంగతి. ఎన్ని ఓవర్ల ఆటో ఆడేవాడే ఎంచుకుంటాడు, ప్రయాణానికి సరిపడా. బస్సు దిగే వేళకు అవ్వకపోతే ‘ఒక్క ఓవర్ అన్నా’ అంటూ ఆ చివరి బంతుల కోసం మెట్టు దగ్గరే నిలబడతారు. ఆట పొడుగును బతుకు కొలతకు కోసుకునే హక్కు క్రికెట్‌లో ముందునుంచే ఉంది, ఫోన్ దాన్ని చక్కగా అందుకుంది.

అమ్మకాల్లో డీఎస్ 15 కోట్లు దాటింది. 2011లో వచ్చిన 3డీఎస్ కూడా పుల్లనే నమ్ముకుంది, 2020లో దాని తయారీ ఆగిపోయింది. 2017 నాటి స్విచ్‌లో ఫోన్‌లాంటి తెర ఉన్నా, ఆ ఏడాది వచ్చిన జేల్డా దాన్ని ముట్టుకోమని అడగనే లేదు. పుల్లతో గీసే ఆట దాదాపు ఒక తరంతోనే ముగిసింది.

ముగియకూడని పని ఒకటి అందులో ఉందని నాకనిపిస్తుంది. 2006లో నింటెండో జపాన్‌లో ‘కంజి సొనొమమ రకుబికి జితెన్’ అనే నిఘంటువు అమ్మింది. చదవడం రాని అక్షరాన్ని తెర మీద చూసి గీస్తే చాలు, అర్థం చెబుతుంది. రాజపాళయం చుట్టుపక్కల ఎన్నో తరాలుగా తెలుగు మాట్లాడే ఇళ్లున్నాయి, విజయనగర, నాయకుల కాలం నాటి వలసల నుంచి. బడిలో చదువు తమిళంలో, తెలుగు నాలుక మీదే ఉంది, వేళ్లలోకి రాలేదు. ఈ ఇళ్ల పిల్లలకు కావాల్సింది రోజుకు ఐదు నిమిషాల ఆట. ‘అ’ ఎక్కడ మొదలై ఎటు తిరుగుతుందో పుల్ల మొన అడుగడుగునా చూసుకోవాలి, తలకట్టు పెట్టే చోటు తప్పితే చెప్పాలి, ఒత్తు కింద పడిందో పక్కన పడిందో గమనించాలి. తప్పు గీతను ఎర్రగా, సరైన గీతను నీలంగా చూపితే చాలు. మొద్దు వేలితో గుణింతం గీయడం కష్టం, కానీ ఇవాళ్టి ఫోన్ తెరలకు కూడా పలికే పుల్లలు బజారులో చవకగా దొరుకుతున్నాయి. యాభై ఆరు అక్షరాలు, గుణింతాలు, ఒత్తులు కలిపితే ఒక ఏడాది సాగే ఆట అవుతుంది, ఏ ముక్కా ఐదు నిమిషాలు దాటకుండా. హైదరాబాదులోనో చెన్నైలోనో ఆటలు కట్టేవాళ్లు ఎవరైనా దీన్ని చేపడితే, పరీక్షించి చూడటానికి సేత్తూరులో పిల్లలు సిద్ధంగా ఉన్నారు.