రైలు గేటు చెప్పే మాట

గేటు ముందు తొందర

ఖిల్లా ఘణపూర్‌లో కోట ఉంది. గణపసముద్రం చెరువు ఉంది. రైలు పట్టా మాత్రం లేదు. రైలు ఎక్కాలంటే మహబూబ్‌నగర్ పోవాలి. లేదంటే మదనాపురంలో ఉన్న వనపర్తి రోడ్ స్టేషన్‌కు పోవాలి. ఆ పట్టా మహబూబ్‌నగర్ నుంచి దేవరకద్ర, వనపర్తి రోడ్, గద్వాల మీదుగా కర్నూలు దాకా పోతుంది.

పట్టాను రోడ్డు దాటే చోట గేటు ఉంటుంది. గేటు పడితే ఆటో ఆగుతుంది. బస్సు ఆగుతుంది. కొంతసేపటికి కూడా రైలు రాదు. అప్పుడు కొందరికి ఓపిక పోతుంది.

"రైలు ఏడుందే? కనవడ్తనే లేదు. వంగి పోదాం పా" అంటారు.

రైలు కంటికి కనబడదు. కాని గేటు వేసిన మనిషికి అది వస్తున్నట్టు తెలుసు. గంటకు 100 కిలోమీటర్ల వేగంతో వచ్చే రైలు ఒక్క నిమిషంలో కిలోమీటరున్నర దాటి వస్తుంది. డ్రైవరు బ్రేకు వేసినా వెంటనే ఆగదు. ఆగేసరికి సుమారు కిలోమీటరు దూరం ముందుకు వస్తుంది. అందుకే రైలు కనబడక ముందే గేటు పడాలి.

మరి కనబడని రైలు సంగతి ఎట్ల తెలుస్తుంది? ఒక చిన్న నమూనా చేసి చూస్తే అర్థమవుతుంది. బడిలో సైన్సు మేళాకు పిల్లలు ఇలాంటివి చేస్తుంటారు. తల్లులు పక్కన కూర్చుని చేయించవచ్చు.

కరెంటు కాలువ నీళ్ళ లాంటిది

చెరువు తూము నుంచి కాలువలో నీళ్ళు పారతాయి. కాలువ తెగకుండా ఉంటేనే చివరి మడికి నీళ్ళు అందుతాయి. నడుమ గండి పడితే నీళ్ళు అటే పోతాయి. చివరి మడి ఎండుతుంది.

కరెంటు కూడా దాదాపు అంతే. సెల్లు నుంచి బయలుదేరి, తీగల వెంట తిరిగి, మళ్ళీ సెల్లుకే చేరాలి. దారి ఎక్కడ తెగినా బల్బు ఆరిపోతుంది. నడుమ సులువైన దారి దొరికితే కరెంటు అటే పోతుంది. ఈ రెండు మాటలు తెలిస్తే చాలు. నమూనా అంతా అర్థమైనట్టే.

కావలసిన సామాను

ఎండిన చెక్క పలక ఒకటి.
తుప్పు లేని సైకిల్ పుల్లలు రెండు. ఇవే పట్టాలు.
టార్చిలైటు సెల్లులు రెండు.
టార్చిలైటు బల్బులు రెండు. రెండూ ఒకే రకానివి కావాలి. లోపల సన్నని తీగ ఉండే పాత రకం బల్బులే తీసుకోవాలి.
సన్నని వైరు రెండు మూడు మూరలు.
ఖాళీ అగ్గిపెట్టె, ఒక పొడవాటి మేకు. ఇవే రైలు.
ఒక వెదురు పుల్ల. ఇదే గేటు.

జాగ్రత్త! ఈ నమూనాకు టార్చి సెల్లులే వాడాలి. ఇంట్లో గోడకు ఉన్న ప్లగ్గు నుంచి కరెంటు తీసుకోరాదు. అది ప్రాణం తీస్తుంది.

ఎట్ల కలపాలి?

1. సైకిల్ పుల్లలను పలక మీద పక్కపక్కన పెట్టండి. నడుమ రెండు వేళ్ళ ఎడం ఉండాలి. ఒకదానికొకటి తగలరాదు. కదలకుండా చివరలు కట్టండి.

2. రెండు సెల్లులను వరుసగా పెట్టండి. ఒకదాని బుడిపె రెండోదాని అడుగుకు తగలాలి. సైకిల్ ట్యూబు ముక్కతో గట్టిగా కట్టండి.

3. వైరు కొసల మీది ప్లాస్టిక్ తీసేయండి. లోపలి తీగ మెరిసేదాకా గీకండి.

4. సెల్లు బుడిపె నుంచి ఒక వైరును మొదటి బల్బుకు కలపండి. బల్బుకు రెండు చోట్ల కరెంటు తగులుతుంది. ఒకటి అడుగున ఉండే చుక్క. రెండోది పక్కన ఉండే లోహపు తొడుగు. ఒక వైరు చుక్కకు, ఒక వైరు తొడుగుకు తగలాలి. ఈ బల్బును కాపలా బల్బు అందాం. సెల్లులు తొందరగా అయిపోకుండా, వేడెక్కకుండా ఇది కాపాడుతుంది.

5. కాపలా బల్బు నుంచి రెండో వైరును మొదటి పట్టా ఎడమ కొసకు కలపండి.

6. మొదటి పట్టా కుడి కొస నుంచి రెండో బల్బుకు వైరు కలపండి. ఆ బల్బు నుంచి ఇంకో వైరును రెండో పట్టా కుడి కొసకు కలపండి. ఈ బల్బుకు పచ్చ కాగితం చుట్టండి. ఇది పచ్చ బల్బు.

7. రెండో పట్టా ఎడమ కొస నుంచి సెల్లుల అడుగుకు వైరు కలపండి.

ఇప్పుడు రెండు బల్బులూ మందంగా వెలుగుతాయి. పచ్చ బల్బు వెలుగుతోంది అంటే పట్టా ఖాళీగా ఉంది అని అర్థం.

రైలును పెట్టి చూడండి

అగ్గిపెట్టె అడుగున మేకును అడ్డంగా గుచ్చండి. పెట్టెలో చిన్న రాయి వేయండి. బరువు ఉంటే మేకు పట్టాలకు బాగా తగులుతుంది. ఇప్పుడు పట్టాల మీద పెట్టండి. మేకు రెండు పట్టాలకూ తగలాలి.

పచ్చ బల్బు ఆరిపోయింది! కాపలా బల్బు ఇంకా బాగా వెలిగింది!

ఎందుకు? కరెంటుకు మేకు మీద సులువైన దారి దొరికింది. గండి పడిన కాలువ తీరు అటే పోయింది. పచ్చ బల్బు దాకా రాలేదు.

ఇక గేటు. వెదురు పుల్లను ఒక కొస దగ్గర మేకుతో నిలువు కర్రకు బిగించండి. ఆ కొసకు చిన్న రాయి కట్టండి. బరువు సరిపోతే గేటు సులువుగా లేస్తుంది, దిగుతుంది. ఒక పిల్లను గేటు దగ్గర కూర్చోబెట్టండి. పచ్చ బల్బు ఆరగానే ఆమె గేటు దించాలి. మళ్ళీ వెలిగాకే ఎత్తాలి.

రైలు వస్తే బల్బు ఎందుకు ఆరాలి?

"రైలు వస్తే ఎర్ర బల్బు వెలిగేటట్టు చేస్తే సులువు కదా?" అని ఎవరికైనా అనిపిస్తుంది. మొదట అట్లే చేశారు కూడా.

అమెరికాలో విలియం రాబిన్సన్ అనే ఆయన ఉండేవాడు. 1870లో న్యూయార్క్ ప్రదర్శనలో ఒక చిన్న నమూనా పెట్టాడు. అందులో రైలు వచ్చినప్పుడే కరెంటు పారేది. అప్పుడే సూచన వచ్చేది. కాని దానిలో ఒక ప్రమాదం ఉంది. తీగ తెగిందనుకోండి. సెల్లు అయిపోయిందనుకోండి. అప్పుడు రైలు వచ్చినా సూచన రాదు. అంతా బాగానే ఉందని జనం అనుకుంటారు.

రాబిన్సన్ ఆ పద్ధతిని తిప్పేశాడు. పట్టాల్లో కరెంటు ఎప్పుడూ పారుతూ ఉండాలి. కరెంటు ఆగితే "ఆగు" అని అర్థం. 1872లో ఈ పద్ధతికి పేటెంటు తీసుకున్నాడు. ఈనాటికీ ప్రపంచమంతా రైలు పట్టాల్లో ఈ పద్ధతి వాడుతున్నారు.

దీని బలం ఏమిటి? రైలు వచ్చినా బల్బు ఆరుతుంది. తీగ తెగినా ఆరుతుంది. సెల్లు అయిపోయినా ఆరుతుంది. వీటిలో ఏది చెడిపోయినా "ఆగు" అనే చెబుతుంది. దాని వల్ల కాసేపు ఆలస్యం కావచ్చు. ప్రాణం మాత్రం పోదు.

బల్బు సరిగా పని చేయకపోతే?

కంగారు పడి అన్నీ విప్పొద్దు. ముందు కాపలా బల్బును చూడండి. అదే రోగం చెబుతుంది.

రెండు బల్బులూ ఆరిపోతే: దారి ఎక్కడో తెగింది. సెల్లులు సరిగా పెట్టారా? వైరు కొసలు వదులుగా ఉన్నాయా? ఒక బల్బు మాడిపోయిందా? ఒక్కొక్కటే చూడండి. ఎక్కువసార్లు తప్పు కొసల దగ్గరే ఉంటుంది. మళ్ళీ గీకి గట్టిగా చుట్టండి.

రైలు లేకున్నా పచ్చ బల్బు ఆరి, కాపలా బల్బు బాగా వెలిగితే: రెండు పట్టాలూ ఎక్కడో కలిశాయి. నడుమ వైరు ముక్క గాని మేకు గాని పడిందేమో చూడండి. పచ్చ బల్బుకు వచ్చే రెండు వైర్లు ఒకదానికొకటి తగిలాయేమో చూడండి.

రైలు ఉన్నా పచ్చ బల్బు వెలుగుతూనే ఉంటే: ఇది అన్నిటికన్నా చెడ్డ తప్పు. మేకుకో పట్టాకో తుప్పు, దుమ్ము, రంగు ఉంటే ఇట్ల అవుతుంది. గరుకు కాగితంతో రుద్దండి. నిజమైన పట్టాలకు కూడా ఈ బాధ ఉంది. రైళ్ళు తక్కువగా తిరిగే పట్టాకు తుప్పు పడుతుంది. అప్పుడు చక్రం సరిగా తగలదు. అందుకే చాలాచోట్ల చక్రాల ఇరుసులను లెక్కపెట్టే యంత్రాలు కూడా పెట్టారు.

ఆట అయిపోయాక ఒక వైరు తీసేయండి. లేకపోతే సెల్లులు అయిపోతాయి.

నిజమైన గేటు దగ్గర

నిజమైన పట్టాల్లో పారేది కూడా చిన్న కరెంటే. మేకు బదులు రైలు చక్రాలు, వాటి ఇరుసు రెండు పట్టాలను కలుపుతాయి. పచ్చ బల్బు బదులు రిలే అనే పరికరం ఉంటుంది. కరెంటు ఉన్నంత సేపు అది ఒక ఇనుప ముక్కను పట్టి ఉంచుతుంది. కరెంటు ఆగితే ముక్క జారుతుంది. సిగ్నల్ ఎర్రగా మారుతుంది.

మన దేశంలో గేటును ఎక్కువచోట్ల గేట్‌మన్ వేస్తాడు. చాలా గేట్లను సిగ్నల్‌తో ముడిపెట్టారు. గేటు పడి తాళం పడితేనే రైలుకు పచ్చ సిగ్నల్ వస్తుంది. గేటు తెరిచి ఉంటే రైలుకు ఎర్ర సిగ్నలే. సిగ్నల్‌తో ముడి లేని చోట స్టేషన్ మాస్టరు, గేట్‌మన్ ఫోనులో మాట్లాడుకుంటారు.

పట్టా మీద బండి చిక్కుకుంటే గేట్‌మన్ ఎర్ర జెండా చూపిస్తాడు. రాత్రి అయితే ఎర్ర దీపం చూపిస్తాడు. పట్టాల మీద టపాకాయల లాంటివి పెట్టడం కూడా నియమం. 600 మీటర్ల దూరంలో ఒకటి, 1200 మీటర్ల దూరంలో మూడు పెట్టాలి. చక్రం ఎక్కగానే అవి పేలుతాయి. డ్రైవరు బ్రేకు వేస్తాడు.

గేటు లేని చోట ఏమైంది?

2014 జూలై 24న మెదక్ జిల్లా మాసాయిపేట దగ్గర ఒక బడి బస్సు పట్టా దాటుతోంది. అక్కడ గేటు లేదు. కాపలా మనిషి లేడు. రైలు బస్సును ఢీకొంది. పదిమందికి పైగా పిల్లలు చనిపోయారు. పొద్దున బడికి పంపిన తల్లులకు పిల్లలు తిరిగి రాలేదు.

2019 జనవరి 31 నాటికి దేశంలో బ్రాడ్‌గేజ్ పట్టాల మీద కాపలా లేని దారులన్నీ తీసేశారు. కొన్నిచోట్ల కాపలా పెట్టారు. కొన్నిచోట్ల కింది నుంచి దారి తీశారు. కొన్ని దారులు మూసేశారు.

ఇప్పుడు గేటు ఉంది. మనిషి ఉన్నాడు. పట్టాల్లో కరెంటు ఉంది. కాని గేటు కింద వంగి పోయే మనిషిని వీటిలో ఏదీ ఆపలేదు. ఆ పని ఎవరికి వారే చేసుకోవాలి. మూసిన గేటును తెరిస్తే మూడేళ్ళ దాకా, విరగ్గొడితే అయిదేళ్ళ దాకా జైలు శిక్ష వేయవచ్చని 1989 నాటి రైల్వే చట్టం చెబుతోంది.

గుర్తు పెట్టుకోండి

గేటు పడితే రైలు వస్తున్నట్టే. కనబడకున్నా వస్తున్నట్టే.
ఒక రైలు పోయినా గేటు లేచేదాకా ఆగాలి. రెండో రైలు రావచ్చు.
పిల్లల చేయి పట్టుకోవాలి. పెద్దలు వంగి దాటితే పిల్లలు అదే నేర్చుకుంటారు.
ఆటో డ్రైవరు తొందర పడితే "ఆగు నాయనా" అని గట్టిగా చెప్పాలి.

చెప్పండి చూద్దాం

1. అగ్గిపెట్టె రైలు పెట్టగానే పచ్చ బల్బు ఎందుకు ఆరింది?
2. రెండు బల్బులూ ఆరితే ముందు ఏమేమి చూడాలి?
3. ఏది చెడిపోయినా "ఆగు" అని చెప్పే పద్ధతి ఎందుకు మంచిది?

కొత్త మాటలు

నమూనా: పెద్ద వస్తువును పోలిన చిన్న బొమ్మ.
ఇరుసు: రెండు చక్రాలను కలిపే కడ్డీ.
రిలే: కరెంటు ఉందో లేదో పట్టి సిగ్నల్‌ను మార్చే పరికరం.