లాభంతో పాటు లోకహితం: చట్టంలో రాసుకుంటే ఏం మారుతుంది?

1916లో హెన్రీ ఫోర్డ్ తన కార్ల కంపెనీలో పోగుపడిన లాభాలను ప్రత్యేక డివిడెండ్లుగా పంచడం ఆపేశాడు. ఆ డబ్బుతో ఫ్యాక్టరీ పెంచుతాను, కారు ధర తగ్గిస్తాను, ఇంకా ఎక్కువమందికి పని ఇస్తాను అన్నాడు. కంపెనీలో పదో వంతు వాటా ఉన్న డాడ్జ్ సోదరులు కోర్టుకెక్కారు. 1919లో మిషిగన్ సుప్రీంకోర్టు ఫ్యాక్టరీ విస్తరణ జోలికి పోలేదు గానీ, కోటీ 90 లక్షల డాలర్లకు పైగా డివిడెండ్ పంచి తీరాలంది. వ్యాపార కంపెనీ ఉన్నది ప్రధానంగా వాటాదారుల లాభం కోసమేనని తేల్చింది.

ఆ తీర్పు తర్వాత అమెరికాలో డైరెక్టర్ల చేతులు పూర్తిగా కట్టేశారని కాదు. జీతాలు పెంచినా, ఊరికి బడి కట్టించినా, దీర్ఘకాలంలో కంపెనీకి మేలేనని చెబితే కోర్టులు సాధారణంగా ఒప్పుకుంటాయి. ఇబ్బంది కంపెనీని అమ్మే వేళ వస్తుంది. 1986లో రెవ్లాన్ కేసులో డెలావేర్ కోర్టు చెప్పిన దాని ప్రకారం, అమ్మకం ఖాయమయ్యాక వాటాదారులకు వీలైనంత ఎక్కువ ధర రాబట్టడమే బోర్డు పని. కార్మికులను రోడ్డున పడేసే కొనుగోలుదారు నాలుగు డాలర్లు ఎక్కువిస్తానంటే, మంచి మనసున్న డైరెక్టరు కూడా కాదనడం కష్టం.

ఆ ఇబ్బందిని తొలగించడానికి వచ్చిందే బెనిఫిట్ కార్పొరేషన్. 2010లో మేరీల్యాండ్ మొదటిసారి దీనికి చట్టం చేసింది. అమెరికాలో పెద్ద కంపెనీలు ఎక్కువగా నమోదయ్యే డెలావేర్ 2013లో అదే దారి పట్టింది. ఇది లాభాలు ఆర్జించే కంపెనీయే. డివిడెండ్లు పంచుతుంది, షేర్లు అమ్ముతుంది, మామూలుగానే పన్ను కడుతుంది. తేడా అంతా కంపెనీ పుట్టుక పత్రంలో ఉంటుంది. సమాజానికి తాను చేయదలచిన మేలు ఏమిటో అందులోనే రాసుకోవాలి. డెలావేర్ చట్టం ప్రకారం డైరెక్టర్లు ప్రతి నిర్ణయంలోనూ వాటాదారుల డబ్బును, కంపెనీ పనుల వల్ల ప్రభావితమయ్యే వారి క్షేమాన్ని, రాసుకున్న ఆ మేలును కలిపి తూచాలి. అంటే ఎక్కువ ధర ఇస్తానన్నవాడిని వద్దనడానికి బోర్డుకు చట్టపరమైన కారణం దొరికింది.

మన దగ్గర దీన్ని సీఎస్ఆర్‌తో కలిపేసేవారు చాలామంది. సీఎస్ఆర్ అంటే నిర్ణీత స్థాయి దాటిన కంపెనీలు గత మూడేళ్ల సగటు లాభంలో 2 శాతం సామాజిక పనులకు ఖర్చు చేయడం. ఆ లాభం ఎలా వచ్చిందని అది అడగదు. బెనిఫిట్ కార్పొరేషన్ అడిగేది సరిగ్గా అదే. బీ ల్యాబ్ అనే సంస్థ ఇచ్చే ‘బీ కార్ప్’ ముద్ర కూడా వేరే సంగతి. అది ఆ సంస్థ తన ప్రమాణాలు చూసి ఇచ్చే ధ్రువపత్రం, చట్టం ఇచ్చే హోదా కాదు.

అయితే ఈ మాట తప్పితే నిలదీసేది ఎవరు? నా దృష్టిలో అసలు ప్రశ్న ఇదే. డెలావేర్‌లో ఆ హక్కు వాటాదారులదే, అదీ సాధారణంగా కనీసం 2 శాతం వాటా ఉన్నవారికే. కార్మికుడికి, కాలువ పక్క ఊరికి లేదు. ఎంత మేలు చేశారో నివేదిక ఇవ్వాలి గానీ, అది రెండేళ్లకోసారి, వాటాదారులకు. ఎవరి కోసం మాట ఇచ్చారో వారి చేతికి ఆ మాట అందలేదు.

మాట ఇలా వాటాదారుల చేతిలోనే ఉంటే ఏమవుతుందో ఫ్రాన్స్‌లో కనబడింది. అక్కడ 2019 చట్టం ఇలాంటి కంపెనీలకు వీలు కల్పించింది. పాలు, పెరుగు అమ్మే డానోన్ 2020 జూన్‌లో 99 శాతం వాటాదారుల ఓటుతో ఆ హోదా తీసుకుంది. తొమ్మిది నెలలు తిరక్కుండానే, షేరు ధర పోటీ కంపెనీలతో సమానంగా పెరగడం లేదని కొన్ని పెట్టుబడి సంస్థలు ఒత్తిడి తెచ్చాయి. 2021 మార్చిలో సారథి ఇమాన్యుయెల్ ఫాబెర్‌ను బోర్డు తప్పించింది. నియమావళిలో లక్ష్యం అలాగే ఉంది. దాన్ని భుజాన వేసుకున్న మనిషి పోయాడు.

పటగోనియా ఈ చిక్కును గ్రహించిందనిపిస్తుంది. 2012లో కాలిఫోర్నియాలో బెనిఫిట్ కార్పొరేషన్‌గా మొదట నమోదైన ఈ దుస్తుల కంపెనీ అక్కడితో ఆగలేదు. 2022లో వ్యవస్థాపకుడు ఇవోన్ షునార్డ్ కుటుంబం ఓటు హక్కున్న షేర్లన్నీ ఒక ట్రస్టుకు, మిగతా 98 శాతం షేర్లు పర్యావరణం కోసం పనిచేసే సంస్థకు రాసిచ్చింది. వాటాదారే లక్ష్యానికి కాపలాదారు అయినప్పుడు ఫాబెర్‌కు పట్టిన గతి పట్టడం కష్టం.

భారత్‌లో ఇలాంటి కంపెనీ రకం విడిగా లేదు. కానీ 2013 కంపెనీల చట్టంలోని 166వ సెక్షన్ ప్రతి డైరెక్టరునూ వాటాదారులతో పాటు ఉద్యోగులు, సమాజం, పర్యావరణం మేలు కూడా చూడమంటుంది. కాగితం మీద ఇది అమెరికా కన్నా విశాలం, ఎందుకంటే ఇష్టపడ్డ కంపెనీలకే కాక అన్నింటికీ వర్తిస్తుంది. కానీ అదే చట్టంలోని 245వ సెక్షన్ కింద కంపెనీ మీద సామూహికంగా ట్రిబ్యునల్‌కు వెళ్లగలిగేది సభ్యులు (అంటే వాటాదారులు), డిపాజిటర్లు మాత్రమే. ఫ్యాక్టరీల వ్యర్థాలతో నక్కవాగు పాడైనప్పుడు పటాన్‌చెరు ప్రాంత రైతుల గోడు కోర్టుకు చేరింది కాలుష్యం కేసుగానే, అదీ పొలాలు దెబ్బతిన్నాక. 166వ సెక్షన్ చెప్పే ‘సమాజం’లో ఆ రైతులు ఉన్నారు. 245వ సెక్షన్ జాబితాలో లేరు.